లినక్స్ మళ్లీ ఎక్కించాక సగం డౌన్‌లోడ్లు మొదటికి రాకుండా

రోజుకు 1.5 జీబీ కోటా మీద నడిచే ఇంట్లో 6 జీబీ ఉబుంటు (ఒక రకం లినక్స్) ఐఎస్‌ఓ, అంటే ఇన్‌స్టాల్ ఫైలు, టొరెంట్‌గా, అంటే పంచుకునేవాళ్ల కంప్యూటర్ల నుంచి ముక్కలుగా, దించాలంటే నాలుగు రోజులు పడుతుంది. మూడో రోజు సిస్టమ్ చెడిపోయి లినక్స్ మళ్లీ ఎక్కించాల్సి వస్తే, దిగిన నాలుగు జీబీ పైచిలుకు నీళ్లపాలు కానక్కర్లేదు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఫోన్ హాట్‌స్పాట్ మీదే కంప్యూటర్ నడుపుకునేవాళ్లకు ఆ నాలుగు జీబీ అంటే మూడు రోజుల కోటా. సిస్టమ్‌ను షాపుకు ఇచ్చేముందు పావుగంట కేటాయిస్తే దాన్ని కాపాడుకోవచ్చు.

సగం దిగిన డౌన్‌లోడ్ అంటే కంటికి ఒక ఫైలుగా కనిపిస్తుంది గానీ, నిజానికి అందులో మూడున్నాయి. ఒకటి సరుకు, అంటే డిస్కు మీద ఉన్న సగం ఫైలు. రెండోది చిట్టా. ఏ ముక్క వచ్చింది, ఏది రావాలి అన్నది క్లయింట్, అంటే క్యూబిట్‌టొరెంట్, ట్రాన్స్‌మిషన్ లాంటి డౌన్‌లోడ్ ప్రోగ్రామ్, అందులో రాసుకుంటుంది. మూడోది చిరునామా, అంటే సరుకు ఏ ఫోల్డర్‌లో ఉందో చిట్టాలో రాసి ఉన్న దారి. ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోతేనే డౌన్‌లోడ్ ఆగిన చోటి నుంచి సాగుతుంది. చాలామంది డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒక్కటి పెన్‌డ్రైవ్‌లోకి లాగేసి పని అయిపోయిందనుకుంటారు. చిట్టా ఉండేది దాగిన ఫోల్డర్లో, అది ఫార్మాట్‌తో పోతుంది.

ఒక ముందుమాట. కింద చెప్పే ఫోల్డర్ పేర్లు, కమాండ్లు అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చెయ్యాలి, చిన్నక్షరం పెద్దక్షరం తేడా లినక్స్‌కు ముఖ్యం. క్యూబిట్‌టొరెంట్ ఫోల్డర్ పేరులో క్యూ చిన్నది, బీ పెద్దది, మిగతావన్నీ చిన్నవి. ఫైల్ మేనేజర్లో కంట్రోల్ హెచ్ నొక్కితే చుక్కతో మొదలయ్యే దాగిన ఫోల్డర్లు కనబడతాయి.

ఫార్మాట్‌కు ముందు

ముందు క్లయింట్‌ను పూర్తిగా మూసెయ్యండి. మూల ఉన్న గుణకారం గుర్తు నొక్కితే అది మూతపడకుండా గడియారం పక్కన ట్రేలో కూర్చోవచ్చు. ఫైల్ మెనూలో ఎగ్జిట్ లేదా క్విట్ నొక్కి, టెర్మినల్‌లో పీగ్రెప్ మైనస్ ఎల్ అని కొట్టి పక్కన క్లయింట్ పేరు అంతా చిన్నక్షరాల్లో రాసి చూడండి. ఏమీ రాకపోతే ఆగినట్టే. ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ క్లయింట్లు తాజా చిట్టాను, సెట్టింగులను మూతపడేటప్పుడు డిస్కు మీద రాస్తాయి. నడుస్తుండగా తీసుకున్న కాపీలో పాత లెక్క ఉంటుంది.

క్యూబిట్‌టొరెంట్‌కు రెండు చోట్లున్నాయి. సెట్టింగులు హోమ్‌లో (మీ పేరుతో ఉండే ఫోల్డర్లో) డాట్ కాన్ఫిగ్ లోపల, క్యూబిట్‌టొరెంట్ ఫోల్డర్లో ఉంటాయి. క్యాటగిరీలు, ఆర్‌ఎస్‌ఎస్ (కొత్తవి తనంతట దించే) నియమాలు కూడా అక్కడే. చిట్టా హోమ్‌లో డాట్ లోకల్, దానిలో షేర్, దానిలో క్యూబిట్‌టొరెంట్, దానిలో బీటీ అండర్‌స్కోర్ బ్యాకప్ అనే ఫోల్డర్లో ఉంటుంది. పాత వెర్షన్లలో షేర్ తర్వాత డేటా అని ఇంకో మెట్టు ఉండేది. బీటీ బ్యాకప్ తెరిస్తే ఒక్కో డౌన్‌లోడ్‌కు రెండేసి ఫైళ్లు జతగా కనిపిస్తాయి. 40 అక్షరాల పొడుగు పేరు, చివర ఒకదానికి డాట్ టొరెంట్, రెండోదానికి డాట్ ఫాస్ట్‌రెజ్యూమ్. ఈ ఫాస్ట్‌రెజ్యూమే చిట్టా. రెండిట్లో ఏది పోయినా జత చెడినట్టే కాబట్టి ఏరుకోకుండా ఫోల్డర్ మొత్తం తీసుకోండి. ఫ్లాట్‌ప్యాక్‌గా (విడిగా ఉండే ఒక రకం ప్యాకేజీగా) ఎక్కించినవాళ్లకు ఇవేవీ అక్కడ ఉండవు. హోమ్‌లో డాట్ వార్, దానిలో యాప్, అక్కడ ఓఆర్‌జీ డాట్ క్యూబిట్‌టొరెంట్ అని మొదలయ్యే ఫోల్డర్ లోపల కాన్ఫిగ్, డేటా అని రెండు దొరుకుతాయి.

ట్రాన్స్‌మిషన్ విండో వెర్షన్ అయితే డాట్ కాన్ఫిగ్‌లో ట్రాన్స్‌మిషన్ ఫోల్డర్ ఒక్కటి చాలు. సెట్టింగ్స్ డాట్ జేసన్, టొరెంట్స్, రెజ్యూమ్ అన్నీ దానిలోనే. డెల్యూజ్‌కు డాట్ కాన్ఫిగ్‌లో డెల్యూజ్, అందులో స్టేట్ ఫోల్డర్ ముఖ్యం. ట్రాన్స్‌మిషన్‌ను డెబియన్, ఉబుంటులో సర్వీసుగా (విండో లేకుండా వెనకాల) నడిపేవాళ్లు మాత్రం ఒకటి చూసుకోవాలి. చిట్టా వార్, లిబ్, ట్రాన్స్‌మిషన్ డీమన్ దారిలో ఉంటుంది, కానీ అక్కడి సెట్టింగ్స్ ఫైలు ఉత్త లింకు. అసలు ఫైలు ఈటీసీ కింద ట్రాన్స్‌మిషన్ డీమన్ ఫోల్డర్లో ఉంది. లింకును కాపీ చేసుకుంటే కొత్త సిస్టమ్‌లో అది ఎటూ చూపదు. రెండు చోట్లా తీసుకోండి, దానికి ముందు సిస్టమ్‌సీటీఎల్ స్టాప్‌తో సర్వీసు ఆపండి.

సరుకు ఎక్కడుందో కూడా సెట్టింగుల్లో చూసి నోట్ చేసుకోండి. పూర్తికాని వాటిని వేరే ఫోల్డర్లో ఉంచమనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే సగం ఫైళ్లు డౌన్‌లోడ్స్‌లో కనబడవు, టెంప్ అనో ఇన్‌కంప్లీట్ అనో ఉన్న ఫోల్డర్లో ఉంటాయి. ఎక్కువమంది మరిచిపోయేది దీన్నే.

డాట్ కాన్ఫిగ్ మొత్తాన్ని ఎత్తి కొత్త సిస్టమ్‌లో పడేసే అలవాటు మంచిది కాదు. పాత డెస్క్‌టాప్ సెట్టింగులు కొత్తవాటి మీద కూర్చుని ప్యానెల్ మాయమవడం, థీమ్ పాడవడం లాంటి తలనొప్పులు తెస్తాయి. కావలసిన క్లయింట్ ఫోల్డర్లు మాత్రమే తీసుకోండి.

పెన్‌డ్రైవ్ దగ్గర జరిగే పొరపాట్లు

సగం దిగిన ఫైలు లోపల బోలుగా ఉంటుంది. 6 జీబీ ఫైలులో 2 జీబీయే వచ్చి ఉంటే ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌హెచ్ దాన్ని 6 జీబీ అని చూపిస్తుంది, డీయూ మైనస్ హెచ్ 2 జీబీ అంటుంది. రెండూ నిజమే. రాని ముక్కల చోట్లు ఖాళీగా వదిలి, ఆ ఖాళీలకు డిస్కు మీద జాగా ఇవ్వకుండా ఫైల్‌సిస్టమ్ నడుపుకొస్తుంది. దీన్ని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా లాగితే ఖాళీలు కూడా సున్నాలతో నిండి మొత్తం 6 జీబీ తింటుంది. అలాంటివి పది ఉంటే 32 జీబీ పెన్‌డ్రైవ్ చాలదు. ఫ్యాట్32 అయితే ఇంకా కష్టం. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, కాపీ మధ్యలో ఫైలు పెద్దదైపోయిందని ఆగిపోతుంది.

రెండిటికీ ఒకటే మందు, ఫైళ్లను ఒక మూటగా కట్టే టార్ కమాండ్. టార్ మైనస్ సీ ఎస్ ఎఫ్ అని కొట్టాలి, అందులో ఎస్ మాత్రం పెద్దక్షరం. ఆ పెద్ద ఎస్ ఖాళీలను గుర్తుపట్టి వదిలేస్తుంది, కాబట్టి 2 జీబీ వచ్చిన 6 జీబీ ఫైలు 2 జీబీ మూటగా అవుతుంది. ఆ సైజులో ఫ్యాట్32లో కూడా పడుతుంది. ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్32 రెండూ ఫైలు ఎవరిదన్న సంగతి గుర్తుంచుకోవు, మూట లోపల మాత్రం అది భద్రంగా ఉంటుంది. బయటి డిస్కు ఎక్స్‌ట్4 (లినక్స్ ఫార్మాట్) అయితే ఆర్‌సింక్ మైనస్ ఏ, పెద్ద ఎస్ చాలు.

కాపీ అయిందని విండో చెప్పగానే పెన్‌డ్రైవ్ పీకకండి. రాయాల్సింది ఇంకా మెమరీలో ఉండొచ్చు. ఎజెక్ట్ నొక్కి, తీసెయ్యొచ్చని చెప్పేదాకా ఆగాలి. తర్వాత మళ్లీ గుచ్చి, టార్ మైనస్ టీఎఫ్‌తో మూటలోని పేర్లు చివరిదాకా వస్తున్నాయో లేదో చూసుకున్నాకే ఫార్మాట్‌కు సరే అనండి. క్లయింట్ సెట్టింగుల్లో వెబ్ పాస్‌వర్డ్, ట్రాకర్ల (పంచేవాళ్లను కలిపే సర్వర్ల) తాళాల వంటివి ఉండొచ్చు కాబట్టి ఆ పెన్‌డ్రైవ్‌ను సిస్టమ్‌తో పాటు షాపులో వదలొద్దు.

సిస్టమ్ అసలు బూట్ కాకపోయినా కంగారు పడకండి. లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్‌తో) తెరిస్తే పాత డిస్కు ఫైల్ మేనేజర్లో కనిపిస్తుంది, పైన చెప్పిన ఫోల్డర్లన్నీ అక్కడినుంచే తీసుకోవచ్చు. హోమ్ వేరే పార్టిషన్‌లో (డిస్కులో విడిగా చేసిన భాగంలో) ఉన్నవాళ్లకైతే కాపీ కూడా అక్కర్లేదు. ఇన్‌స్టాలర్‌లో ఆ పార్టిషన్‌ను హోమ్‌గా ఎంచుకుని, ఫార్మాట్ గడిలో టిక్ లేకుండా చూడాలి. ఆ ఒక్క టిక్కు మీదే అంతా ఆధారపడి ఉంది కాబట్టి, ఇన్‌స్టాల్ నొక్కేముందు వచ్చే జాబితా చదవండి. అందులో హోమ్ పార్టిషన్ పేరు ఫార్మాట్ అయ్యేవాటిలో ఉంటే వెనక్కి వెళ్లండి.

కొత్త సిస్టమ్‌లో పెట్టే వరుస

క్లయింట్‌ను ఇన్‌స్టాల్ చేసి, మూట విప్పి పాత ఫోల్డర్లను వాటి చోట్ల పెట్టేదాకా తెరవకండి. తెరిస్తే అది ఖాళీ సెట్టింగులు సృష్టించుకుంటుంది. అప్పటికే తెరిచేసి ఉంటే పూర్తిగా మూసి, అది సృష్టించిన ఫోల్డర్ పేరు మార్చి పక్కన పెట్టి, పాతదాన్ని ఆ చోట పెట్టండి. వెర్షన్ పాతదానికి సమానమో, కొత్తదో అయి ఉండాలి. కొత్త వెర్షన్ రాసిన చిట్టాను పాత వెర్షన్ చదువుతుందన్న హామీ లేదు. క్యూబిట్‌టొరెంట్ 5కు వెళ్లినవాళ్లకు పాజ్, రెజ్యూమ్ బదులు స్టాప్, స్టార్ట్ కనిపిస్తాయి, పని అదే.

తర్వాత యాజమాన్యం. లినక్స్ ఫైలు యజమానిని పేరుతో కాకుండా నంబరుతో గుర్తుంచుకుంటుంది. ఉబుంటు, డెబియన్, ఫెడోరాల్లో మొదట సృష్టించిన యూజర్‌కు 1000, రెండోవాళ్లకు 1001. పాత సిస్టమ్‌లో నాన్నగారి లాగిన్ మొదటిది, మీది రెండోది అయి, కొత్తదాంట్లో మీది మొదట పెట్టుకుంటే మీ ఫైళ్లు మీవి కాకుండా పోతాయి, క్లయింట్ పర్మిషన్ డినైడ్ అంటుంది. ఐడీ అని కొట్టి మీ నంబరు చూసుకోండి. తేడా ఉంటే సుడో సీహెచ్ఓడబ్ల్యూఎన్, మైనస్ పెద్ద ఆర్, మీ యూజర్ పేరు, కోలన్, మళ్లీ మీ యూజర్ పేరు, ఆపైన ఫోల్డర్ దారి. ట్రాన్స్‌మిషన్ సర్వీసైతే యజమాని మీరు కాదు, ఉబుంటు, డెబియన్లలో డెబియన్ హైఫన్ ట్రాన్స్‌మిషన్ అనే యూజర్. విండోస్‌తో పంచుకునే ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు మీద రాయడం కుదరకపోతే కారణం చాలాసార్లు విండోస్ ఫాస్ట్ స్టార్టప్. విండోస్‌లో దాన్ని తీసేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి రండి.

చిరునామా తప్పితే

ఎక్కువ డౌన్‌లోడ్లు మొదటికి వచ్చేది ఇక్కడే. చిట్టాలో పాత దారి అక్షరం అక్షరం రాసి ఉంటుంది. అది మారడానికి మూడు మామూలు కారణాలున్నాయి. యూజర్ పేరు వేరేగా పెట్టుకోవడం ఒకటి. డిస్ట్రో, అంటే లినక్స్ రకం, మారడం ఇంకొకటి. బయటి డిస్కును ఉబుంటు మీడియా కింద మీ పేరు ఫోల్డర్లో చూపిస్తే, ఫెడోరా, ఆర్చ్ అదే డిస్కును రన్ కింద మీడియాలో చూపిస్తాయి. మూడోది మన సరిహద్దు ఊళ్లలో ప్రత్యేకంగా తగిలేది, భాష. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒకసారి ఒడియా, ఇంకోసారి తెలుగు, మరోసారి ఇంగ్లిష్ ఎంచుకుంటే హోమ్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ పేరు ఆ భాషలోకి మారిపోవచ్చు. ప్రస్తుతం ఏ పేరు వాడుకలో ఉందో డాట్ కాన్ఫిగ్‌లో యూజర్ హైఫన్ డిర్స్ డాట్ డిర్స్ ఫైలులో రాసి ఉంటుంది.

అన్నిటికన్నా తేలిక మార్గం పాత దారినే మళ్లీ నిజం చెయ్యడం. యూజర్ పేరు మారితే సుడో ఎల్‌ఎన్ మైనస్ ఎస్‌తో, హోమ్ కింద పాత పేరుతో కొత్త ఫోల్డర్‌కు ఒక లింకు పెట్టండి. బయటి డిస్కు విషయంలో ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కు ఏ దారిలో కనబడాలో రాసే ఫైలులో) ఆ డిస్కు యూయూఐడీ (గుర్తింపు సంఖ్య), పాత దారి, నోఫెయిల్ రాసుకోండి. నోఫెయిల్ లేకుండా రాస్తే డిస్కు గుచ్చని రోజు సిస్టమ్ బూట్ దగ్గరే ఆగిపోతుంది.

ఫాస్ట్‌రెజ్యూమ్‌ను టెక్స్ట్ ఎడిటర్లో తెరిచి దారి మార్చేద్దామని చాలామందికి అనిపిస్తుంది. చెయ్యకండి. ఆ ఫైలులో ప్రతి మాటకు ముందు దాని పొడవు అంకెగా ఉంటుంది. స్లాష్ హోమ్, స్లాష్ రవి, స్లాష్ డౌన్‌లోడ్స్ అని ఇంగ్లిష్‌లో రాస్తే 20 అక్షరాలు, అందుకని ముందు 20, కోలన్ ఉంటుంది. రవిని రవికుమార్ చేస్తే 25 అక్షరాలయ్యాయి, అంకె మాత్రం 20 దగ్గరే ఉంటే క్లయింట్ చివరి అయిదు అక్షరాలను ఇంకేదో అనుకుని మొత్తం చిట్టాను తోసేస్తుంది. తెలుగు ఫోల్డర్ పేరైతే లెక్క ఇంకా మారుతుంది. ఆ అంకె బైట్లలో ఉంటుంది, ఒక్కో తెలుగు అక్షరసంకేతానికి మూడు బైట్లు. రవి అన్న మాటలో ర, వ, గుడి కలిపి మూడు సంకేతాలు, అంటే 9 బైట్లు. పైగా చిట్టాలో అక్షరాలు కాని బైట్లు కూడా ఉంటాయి, వాటిని అక్షరాలుగా తీసుకునే ఎడిటర్ సేవ్ చేస్తే మిగతా భాగమూ చెడుతుంది. లింకు పెట్టడమే మేలు.

ట్రాన్స్‌మిషన్‌లో ఇంకో దారి ఉంది. సెట్ లొకేషన్ నొక్కితే ఫైళ్లను కొత్త చోటికి జరపాలా, అప్పటికే అక్కడున్నాయా అని అడుగుతుంది. రెండోది ఎంచుకోండి.

మొదటిసారి తెరిచేటప్పుడు

వైఫై ఆపేసి తెరవండి. దారి తప్పి ఉంటే, నెట్ లేదు కాబట్టి సున్నా నుంచి దించడం మొదలుపెట్టే వీలుండదు, ఆ రోజు కోటా మిగులుతుంది. జాబితాలో పాత శాతాలు అలాగే ఉంటే దారి కలిసినట్టు. క్యూబిట్‌టొరెంట్ మిస్సింగ్ ఫైల్స్ అంటే డిస్కు మౌంట్ కాలేదు (సిస్టమ్‌కు తగులుకోలేదు), లేదా దారి మారింది. డిస్కు లేకుండా రీచెక్ మాత్రం నొక్కొద్దు. చూడ్డానికి ఏమీ లేదు కాబట్టి 0 శాతం అని రాసుకుంటుంది. ఆ స్థితిలో నెట్ ఇస్తే, మౌంట్ కావాల్సిన ఖాళీ ఫోల్డర్లో, అంటే లోపలి డిస్కు మీద, మొదటినుంచి దించుతూ పోతుంది.

అన్నీ కుదిరాక ఒక్కోదాని మీద కుడి క్లిక్ చేసి ఫోర్స్ రీచెక్ ఇవ్వండి. ప్రతి ముక్కను చదివి, టొరెంట్ ఫైలులోని హ్యాష్‌తో (ముక్కకు వేలిముద్రలాంటి సంఖ్యతో) సరిచూస్తుంది. దీనికి నెట్ డేటా ఏమీ ఖర్చు కాదు. సెకనుకు 30 ఎంబీ చదివే యూఎస్‌బీ డిస్కు మీద 6 జీబీకి మూడున్నర నిమిషాలు పడుతుంది. 63.4 ఉన్న శాతం 62.9కి దిగితే గాభరా వద్దు. ముక్కలో కొంత మాత్రమే వచ్చిన వాటిని అది లెక్కలోంచి తీసేసింది, అంతే.

వైఫై ఇచ్చాక కూడా అన్నీ స్టాల్డ్ అని కదలకుండా ఉంటే, క్యూబిట్‌టొరెంట్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ (నెట్ ఏ దారిన రావాలో చెప్పే పేరు) చూడండి. పాత సిస్టమ్‌లో ఒక పేరుకు కట్టేసి ఉంటే, కొత్తదాంట్లో ఆ పేరు లేకపోవచ్చు. ఫోన్‌ను వైఫై బదులు యూఎస్‌బీ టెథరింగ్‌తో కలిపినా పేరు మారుతుంది. ఎనీ ఇంటర్‌ఫేస్ పెట్టి క్లయింట్‌ను మూసి తెరవండి.

చిట్టా పూర్తిగా పోయి, సరుకు, టొరెంట్ ఫైలు మాత్రమే మిగిలినా ఆశ వదలొద్దు. టొరెంట్‌ను మళ్లీ జోడించేటప్పుడు వెంటనే మొదలుపెట్టమనే టిక్ తీసి, సరుకున్న ఫోల్డర్‌నే చూపించి, రీచెక్ ఇస్తే లెక్క తిరిగి తయారవుతుంది. క్లయింట్ మారుస్తుంటే ఫైలు పేరు చివరి తోక చూసుకోండి. క్యూబిట్‌టొరెంట్ చుక్క, ఆశ్చర్యార్థకం, క్యూబీ అని తగిలించి ఉంటే ట్రాన్స్‌మిషన్ దాన్ని గుర్తుపట్టదు. తోక తీసేసి అసలు పేరు పెట్టాలి.

టొరెంట్లు కానివి

బ్రౌజర్లో సగంలో ఆగినవాటికి బ్రౌజర్ మీద ఆధారపడకండి. ఫైర్‌ఫాక్స్ డాట్ పార్ట్ ఫైలునో, క్రోమ్ డాట్ సీఆర్‌డౌన్‌లోడ్ ఫైలునో కాపీ చేసుకుని, కొత్త సిస్టమ్‌లో దానికి అసలు పేరు పెట్టి, అదే ఫోల్డర్లో టెర్మినల్ తెరిచి డబ్ల్యూగెట్ మైనస్ సీ, పక్కన లింకు ఇవ్వండి. సర్వర్ ఒప్పుకుంటే ఆగిన బైటు నుంచి సాగుతుంది. లింకు కాలం తీరి ఉంటే పేజీకి వెళ్లి కొత్తది తెచ్చుకోవాలి.

ఏరియా2తో (టెర్మినల్ నుంచి దించే ఇంకో ప్రోగ్రామ్‌తో) దించినవి మాత్రం ఇలా ముట్టుకోవద్దు. అది ఒకే ఫైలును చాలా చోట్ల ఒకేసారి నింపుతుంది, మధ్యలో బోలు ఉంటుంది. డబ్ల్యూగెట్ చూసేది ఫైలు పొడవు ఒక్కటే, కాబట్టి బోలు ఫైలును పూర్తయిందనుకుని వదిలేస్తుంది, ఐఎస్‌ఓ బూట్ కాదు. ఏరియా2కు చిట్టా డాట్ ఏరియా2 అనే తోకతో ఫైలు పక్కనే ఉంటుంది. రెండింటినీ కలిపి తరలించి, ఏరియా2తోనే అదే లింకు ఇవ్వండి. జేడౌన్‌లోడర్‌కు హోమ్‌లోని జేడీ2 ఫోల్డర్ మొత్తం ఎత్తి కొత్తచోట పెడితే చాలు, జాబితా, సెట్టింగులు దాని సీఎఫ్‌జీ లోపలే ఉన్నాయి.

వెబ్ డౌన్‌లోడ్లకు టొరెంట్‌లా ముక్కముక్కకు సరిచూసే పద్ధతి లేదు కాబట్టి, పూర్తయ్యాక షా256సమ్ కొట్టి డిస్ట్రో సైటులో ఇచ్చిన సంఖ్యతో పోల్చండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసి పెట్టిన పాత తెలుగు పుస్తకాలను దించుకునేవాళ్లు అక్కడ టొరెంట్ ఇచ్చి ఉంటే దాన్నే తీసుకోవడం మంచిది. తెలుగు పుస్తకాల షాపు దగ్గర్లో లేని ఊళ్లో ఆ పీడీఎఫ్ చివరి పేజీలు చెడి దొరికితే కలిగే బాధ ఊరికే పోయేది కాదు. అక్కడి టొరెంట్లు ఇంకెవరూ పంచకపోయినా ఆర్కైవ్ సర్వర్ నుంచే దిగుతాయి.

చివరగా కొత్త సిస్టమ్‌లో ఒక సెట్టింగ్. క్యూబిట్‌టొరెంట్ చిట్టాను మామూలుగా 60 నిమిషాలకు ఒకసారి రాస్తుంది. వైశాఖంలో సాయంత్రం గాలివానకు కరెంటు పోయే మన వైపు గంట చాలా ఎక్కువ. టూల్స్‌లో ఆప్షన్స్, అక్కడ అడ్వాన్స్‌డ్‌లో సేవ్ రెజ్యూమ్ డేటా ఇంటర్వల్‌ను 10 చెయ్యండి. పెన్‌డ్రైవ్‌లోని మూటను అన్ని డౌన్‌లోడ్లూ నూరు శాతం చేరి, రీచెక్ అయ్యేదాకా చెరపకండి.